1965 మస్టాంగ్ కన్వర్టిబుల్‌లో 5.0 ఇంజిన్: వణుకు, హైవే మీద వేడి, జాకీ ఎత్తితే తెరుచుకోని తలుపు

ప్రశ్న

నమస్కారమండీ. బండి 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్, ఉండేది డాలస్ దగ్గర. కస్టమ్ బిల్డ్ అని అమ్మారు. కట్టినవాళ్ల కాగితాలు ఒక్కటీ రాలేదు. లోపల 5.0 లీటర్ల ఇంజిన్, టీ-5 ఐదు గేర్ల బాక్స్, ముందు డిస్క్ బ్రేకులు. బాధలు మూడు. 2,000 ఆర్‌పీఎమ్ దాటితే స్టీరింగు, గేర్ రాడ్డు, అద్దం అన్నీ వణుకుతాయి. ఊళ్లో తిరిగితే బాగానే ఉంటుంది గానీ హైవే ఎక్కి పది నిమిషాలు పోయేసరికి టెంపరేచర్ ముల్లు పైకెళ్లిపోతుంది. ముందు వైపు జాకీ ఎత్తితే డ్రైవర్ తలుపు తెరుచుకోదు. టైర్ బ్యాలెన్సింగ్, ఇంజిన్ మౌంట్లు, థర్మోస్టాట్ అయిపోయాయి, ఏ తేడా లేదు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

జవాబు 1

ముందు "1965 మస్టాంగ్‌కి" అని చెప్పి సామాను ఆర్డర్ పెట్టడం ఆపండి. ఇప్పుడు మీ ఇంజిన్‌కీ బండి పుట్టిన సంవత్సరానికీ సంబంధం లేదు. ఇంజిన్ ఏ ఏటిదో తేల్చండి. ప్యాసింజర్ వైపు, స్టార్టర్ మోటారుకి కాస్త పైన బ్లాకు మీద పోత అక్షరాలుంటాయి. వైర్ బ్రష్‌తో గీకితే బయటపడతాయి. మొదటి అక్షరం దశాబ్దం: సీ అంటే అరవైలు, డీ డెబ్బైలు, ఈ ఎనభైలు, ఎఫ్ తొంభైలు. పక్కనున్న అంకె ఆ పోత డిజైన్ అయిన సంవత్సరం.

వణుకుకి ఒక పరీక్ష. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో 2,500 దాకా రేజ్ చెయ్యండి. నిలబడ్డా వణికితే టైర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు పక్కన పెట్టెయ్యండి. ఆ తర్వాత క్లచ్ పూర్తిగా తొక్కి మళ్లీ రేజ్ చెయ్యండి. తేడా వస్తే క్లచ్ ప్లేటు చూడాలి. ఏమాత్రం మారకపోతే క్రాంక్‌తో గట్టిగా బిగిసి తిరిగేవే, అంటే పిస్టన్లు తిప్పే ఆ ఇరుసుకి ముందు కొసనుండే బరువు చక్రం (బ్యాలెన్సర్), వెనక కొసనుండే పెద్ద పళ్ల చక్రం (ఫ్లైవీల్). ముందు బ్యాలెన్సర్‌కి పుల్లీ ఎన్ని బోల్టులతో బిగించారో లెక్కపెట్టి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

బ్లాకు మీద "ఈ7టీఈ" అని ఉంది. పుల్లీకి మూడు బోల్టులు. నిలబెట్టి రేజ్ చేసినా వణుకుతోంది, క్లచ్ తొక్కినా అంతే.

జవాబు 1

దొరికినట్టే. 289, తొలినాళ్ల 302 ఇంజిన్లలో (ఇవి క్యూబిక్ అంగుళాల లెక్కలో పేర్లు, 302 అంటే 5.0 లీటర్లే) క్రాంక్ సమతూకం కోసం బయట పెట్టే బరువు 28 ఔన్స్ లెక్క. 1982 నుంచి వచ్చిన 5.0కి అది 50 ఔన్స్. ఆ లెక్క ముందు బ్యాలెన్సర్ సగం, వెనక ఫ్లైవీల్ సగం పంచుకునేది కాదు. రెండూ వేటికవి 50 లెక్కవే అయి ఉండాలి. మూడు బోల్టుల బ్యాలెన్సర్ 1969 దాకా వచ్చిన ఇంజిన్లది, అంటే 28. పాత వీ-బెల్టు పుల్లీలు వరసలోకి రావాలని చాలామంది దాన్నే తెచ్చి కొత్త ఇంజిన్‌కి బిగించేస్తారు. బోల్టులు పడతాయి, ఇంజిన్ స్టార్టవుతుంది, ఐడ్లింగ్‌లో ఏమీ తెలియదు. స్పీడు పెరిగేకొద్దీ వణుకు పెరుగుతుంది. అలాగే నడిపితే మెయిన్ బేరింగులు తినేస్తుంది. తేలేదాకా హైవే ఎక్కకండి.

ఒక జాగ్రత్త. బ్లాకు 1987 డిజైన్‌ది అయినంత మాత్రాన క్రాంక్ కూడా దానిదే అని రాసుకోకండి. ఆయిల్ పాన్ దించి క్రాంక్ మీద పోత అక్షరాలు చూడండి. "2ఎంఏఈ" అని ఉంటే 50 ఔన్స్. "1ఎం" 289ది, దాని తూకం 28. ఫ్లైవీల్ సంగతి గేర్‌బాక్స్ దించితే తెలుస్తుంది: 50 దానికి ఒక పక్క బరువు ముద్ద కొట్టొచ్చినట్టు పెద్దగా ఉంటుంది. పళ్లు లెక్కపెట్టి తేల్చలేరు, 157 పళ్ల ఫ్లైవీల్ రెండు తూకాల్లోనూ దొరుకుతుంది.

బ్యాలెన్సర్ ఊడదీసేటప్పుడు మధ్య హబ్బుకి బోల్టులు పట్టే పుల్లర్ వాడండి. బయటి రింగుకి కొక్కేలు తగిలించి లాగితే మధ్యలో రబ్బరు జరిగిపోతుంది. కొత్తది ఎక్కించేటప్పుడు సుత్తి ముట్టుకోవద్దు, దెబ్బ నేరుగా థ్రస్ట్ బేరింగ్‌కి తగులుతుంది. ఇన్‌స్టాలర్ స్క్రూతో తోసి, కీ గాడిలో కాస్త సిలికాన్ పూసి, బోల్టు 70–90 ఫుట్-పౌండ్లకి బిగించండి. బ్యాలెన్సర్ మారితే టైమింగ్ గుర్తు చోటు కూడా మారుతుంది. అన్ని ప్లగ్గులూ తీసి, ఒకటో సిలిండర్‌లో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని అడ్డుకునే బోల్టు లాంటి పనిముట్టు) పెట్టండి. క్రాంక్‌ని చేత్తో ఒక వైపు ఆగేదాకా తిప్పి గీత, రెండో వైపు ఆగేదాకా తిప్పి ఇంకో గీత. ఆ రెంటికీ నడిమధ్య అసలు టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు. ఈ పని వదిలేసి పాత పాయింటర్‌ని నమ్మితే టైమింగ్ లైట్ అబద్ధం చెబుతుంది.

జవాబు 2

వేడి సంగతి నేను చెబుతాను. ఊళ్లో చల్లగా ఉండి హైవే మీద మరిగిందంటే ఫ్యాన్ కన్నా నీటి ప్రవాహాన్నే ముందు అనుమానించాలి. సర్పెంటైన్ బెల్టు (పుల్లీలన్నిటి మీదా మెలికలు తిరిగే ఒకే వెడల్పాటి బెల్టు) ఉన్న 5.0లో వాటర్ పంపు బెల్టు వీపు మీద తిరుగుతుంది, అంటే రివర్స్‌లో. మీ మూడు బోల్టుల పుల్లీని బట్టి మీది వీ-బెల్టు. 5.0 పంపు అలాగే ఉంచి వీ-బెల్టు వేస్తే ఇంపెల్లర్ (పంపు లోపలి రెక్కల చక్రం) తల్లకిందుల దిశలో తిరుగుతుంది. కొద్దో గొప్పో నీళ్లు కదులుతాయి కాబట్టి ఊళ్లో బండి నెట్టుకొస్తుంది. పంపు విప్పి రెక్కల వంపు ఎటుందో చూడండి.

పంపొక్కటీ మారిస్తే సరిపోదు. ఫ్యుయెల్ ఇంజెక్షన్ 5.0 టైమింగ్ కవర్‌కి మెకానికల్ పెట్రోల్ పంపు చోటే ఉండదు. 1965–69 తరహా కవర్, పంపు కలిపి వేసుకోవడం మేలు. ఆ పంపుకి కింది గొట్టం ప్యాసింజర్ వైపు, 1970 తర్వాతి వాటికి డ్రైవర్ వైపు. రేడియేటర్ కింది గొట్టం ఎటుందో చూసుకున్నాకే పంపు కొనండి. ఎటూ కాని గొట్టాన్ని మెలితిప్పి తగిలిస్తే పీల్చుడికి మధ్యలో ముడుచుకుపోయి మళ్లీ అదే వేడి.

జవాబు 3

ఇంజిన్ విప్పుతున్నారు కాబట్టి ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) కూడా తేల్చెయ్యండి. అది క్యామ్ మీద, అంటే వాల్వులు తెరిచే ఇరుసు మీద ఆధారపడుతుంది. 289ది 1-5-4-2-6-3-7-8. 5.0 హెచ్ఓ (ఎక్కువ పవరున్న రకం) క్యామ్‌ది 1-3-7-2-6-5-4-8. తేడా అంతా 3–5, 4–7 వైర్లలోనే. అవి తారుమారైతే నాలుగు సిలిండర్లు సరిగా మండవు, కార్బొరేటర్ తుమ్ముతుంది. ప్యాసింజర్ వైపు ముందు నుంచి 1, 2, 3, 4. డ్రైవర్ వైపు 5, 6, 7, 8. డిస్ట్రిబ్యూటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. ఏ క్యామ్ ఉందో అనుమానమైతే, ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి తెచ్చి, 3, 5 ప్లగ్గు రంధ్రాల మీద వేళ్లు పెట్టి, క్రాంక్ పావు చుట్టు తిప్పించండి. ఏ వేలిని గాలి నెడితే ఆ క్యామ్. రోలర్ క్యామ్ అయితే డిస్ట్రిబ్యూటర్ గేర్ స్టీలుదే ఉండాలి. పాత 289 డిస్ట్రిబ్యూటర్ పోత ఇనుము గేరు దాని మీద నూరుకుపోయి పొడి అంతా ఆయిల్‌లో కలుస్తుంది.

జవాబు 4

మిగతావన్నీ డబ్బుతో పోయేవి. తలుపు సంగతే నాకు భయంగా ఉంది. ఈ బండికి కింద వేరే ఫ్రేము లేదు, బాడీయే ఫ్రేము. పైకప్పు లేనందుకు కన్వర్టిబుల్‌లో తలుపుల కింద నడిచే రాకర్లకి లోపల మందపాటి రేకు, ముందు టార్క్ బాక్సులు (రాకర్లని బండి ముందు భాగానికి కలిపే రేకు పెట్టెలు), సీట్ల కింద నేలకి అదనపు పట్టీ ఇచ్చారు. వీటిలోకి నీళ్లు దిగి లోపల్నుంచి తుప్పు పడుతుంది. బయట పుట్టీ, రంగు మెరుస్తూనే ఉంటాయి. జాకీ ఎత్తితే బాడీ నడుం వంగి, తలుపు పైకొసన సందు మూసుకుపోతోంది.

బండి నాలుగు చక్రాల మీద ఉండగా తలుపు వెనక పైకొసన సందు కొలవండి. ముందు క్రాస్‌మెంబర్ కింద ఎత్తి మళ్లీ కొలవండి. తర్వాత రాకర్ల కింది అంచున అయస్కాంతం నడిపించండి. పట్టు వదిలేసిన చోట పుట్టీ ఉంది. విండ్‌షీల్డ్ ముందున్న కౌల్ జాలీలో రెండు వైపులా ఒక్కో చెంబు నీళ్లు పొయ్యండి. అవి ముందు ఫెండర్ల వెనక నుంచి కారాలి. మీ కాళ్ల దగ్గర కార్పెట్ తడిస్తే తుప్పుకి మూలం అక్కడే.

రాకర్ కోసే ముందు తలుపు చోటులో, తాళం స్తంభానికీ కీలు స్తంభానికీ మధ్య అంగుళం చదరపు పైపులు అడ్డంగా, ఐమూలగా వెల్డ్ చెయ్యాలి. సందులన్నీ సరిగ్గా కుదిరాకే ఈ వెల్డింగు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కొయ్యాలి. బండి బరువు సస్పెన్షన్ మీద ఉండాలి. కూపే (హార్డ్‌టాప్) రాకర్లు చవగ్గా వస్తాయని వాటిని వేయించకండి, లోపలి రేకు మందం వేరు. సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు (బాడీ కింద ముందు, వెనక పట్టీల్ని కలిపే ఇనుప కమ్మీలు) మంచివే గానీ అవి రాకర్ చేసే పని చెయ్యవు. కుళ్లిన రాకర్ల మధ్య వాటిని వెల్డ్ చేస్తే వంగిన ఆకారమే ఖాయమైపోతుంది.

ఇంకొకటి. డ్రైవర్ వైపు ఫెండర్ అంచు కింద ఇన్నర్ ఏప్రన్ (ఇంజిన్ గది పక్క రేకు) మీద విన్ నంబరు, అంటే బండి గుర్తింపు సంఖ్య చూడండి. 5 తర్వాత ప్లాంటు అక్షరం, దాని తర్వాత 08 ఉంటే కన్వర్టిబుల్‌గానే పుట్టింది. 07 ఉంటే హార్డ్‌టాప్ కప్పు కోసి చేసింది, ఆ అదనపు రేకులు లోపల ఎప్పుడూ లేవు. తలుపు ప్లేటు మీద బాడీ కోడ్ 76తో మొదలవ్వాలి. హార్డ్‌టాప్‌ది 65.

ప్రశ్న అడిగినవారు

నంబరు 5ఆర్08. ప్లేటు మీద 76ఏ. కౌల్‌లో పోసిన నీళ్లు మాత్రం డ్రైవర్ వైపు లోపలికే వచ్చాయి.

జవాబు 4

శాన్ హోసేలో కట్టిన అసలు కన్వర్టిబులే, ఆ మాట వింటే సంతోషంగా ఉంది. ఇక వరస ఇలా పెట్టుకోండి: కౌల్, దాని తర్వాత డ్రైవర్ వైపు నేల, టార్క్ బాక్స్, రాకర్. ఇంజిన్ ఎలాగూ బయటికి వస్తుంది కాబట్టి కౌల్ వెల్డింగుకి చోటు దొరుకుతుంది. బాడీ నిటారుకి వచ్చేదాకా కొత్త టాప్ గుడ్డ కుట్టించొద్దు. వంగిన బాడీకి కొలిచి బిగించిన గుడ్డ, రాకర్లు సరి చేశాక విండ్‌షీల్డ్ దాకా అందదు.