‘నిండు నదులు పారు…’ తర్వాత ‘నిలిచి’యా, ‘నిల్చి’యా?

విశాఖ ఇంజినీర్: వేమన పద్యమే: ‘నిండు నదులు పారు నిలిచి (నిల్చి?) గంభీరమై / వెర్రి వాగు పారు వేగ బొర్లి’. కానీ ఈ ఒక్క మాట తేలడం లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం పొడిని నీళ్లలో కలిపి 267 కిలోమీటర్లు విశాఖకు పంపే స్లర్రీ పైపు గురించి చెబుతుంటే గుర్తొచ్చింది. రాపిడి నష్టం, అంటే గొట్టం రాపిడికి పోయే పీడనం, దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి నిదానమే మేలు. కానీ నిలిస్తే ఖనిజం అడుగున పేరుకుంటుంది.

ఛందోమిత్ర: రెండూ చెల్లుతాయి. ‘నిలిచి గం’ నగం (మూడు లఘువులు, ఒక గురువు), ‘నిల్చి గం’ రగణం (గురువు, లఘువు, గురువు); ఆ చోట రెండూ కుదురుతాయి. యతికీ ఇబ్బంది లేదు. నా ఓటు ‘నిలిచి’కే, నడక నిదానంగా ఉంటుంది.

పెన్న గట్టు: మూడు లఘువులు పరుగెడతాయండీ, నిదానం ఎక్కడ? ‘ల్చి’ దగ్గరే నాలుక ఆగేది. అసలు చూడాల్సింది ‘వేగ బొర్లి’. మా నెల్లూరులో పెన్న వరదకు అడ్డం పొర్లుకట్ట. పొర్లడమంటే గట్టు దాటడమే.

విశాఖ ఇంజినీర్: పొర్లుదండాల్లో పొర్లడం కాదంటారా? పైపులో సన్న రేణువు నీటితో కలిసి పోతుంది, ముతకది అడుగున పొర్లుతుంది. గొట్టాన్ని అరగదీసేదీ, పంపు శక్తిని తినేదీ అదే. అందుకే ముందే మెత్తగా నూరతారు. మరీ మెత్తనైతే బురద చిక్కబడి రాపిడి మళ్లీ పెరుగుతుంది.

ఛందోమిత్ర: పద్యంలో పొర్లేది వాగు, ఇసుక కాదు.

కదిరి మిత్రుడు: వేమన సమాధి ఉన్న కటారుపల్లి మాకు దగ్గరే. ఇటు ఏడాదంతా పారే నది లేదు. వాన పడితే వంక ఒక్కసారిగా వచ్చి రాళ్లను కూడా దొర్లించుకుపోతుంది. ఆ వంకను చూసినవాడి మాట ఇది. ఇంజినీరు గారి అర్థమే నాకు నచ్చింది.

గోదారి ఒడ్డు: మరి నిండు నదిలో మట్టి లేదా? ఎర్రనీరు వచ్చినప్పుడు గోదారిని చూడండి, ఎంత ఒండ్రు మోస్తుందో! ‘గంభీరం’ అంటే లోతు. పెద్ద వ్యాసం గొట్టం వేస్తే సరి.

విశాఖ ఇంజినీర్: చిక్కంతా అక్కడే. పంపే పరిమాణం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే, మామూలు నీటికి రాపిడి నష్టం సుమారు 32వ వంతుకు పడిపోతుంది. వేగమూ నాలుగో వంతే అవుతుంది, రేణువులు కూర్చుంటాయి. కూర్చునే వేగానికి కాస్త పైన ఉంచి నడపాలి. కాబట్టి ‘నిలిచి’ అంటే ఆగి కాదు, నిలకడగా.

పెన్న గట్టు: నిలకడ బాగుంది. అయితే ‘పొర్లి’ ‘బొర్లి’ ఎందుకైంది?

ఛందోమిత్ర: ‘వేగన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న మాట కదండీ! దాని తర్వాత ‘ప’ ‘బ’ అవుతుంది, ‘న్’ అరసున్న అవుతుంది. ‘వేగఁ బొర్లి’ అని రాయాలి. ఇంతమందిలో అరసున్న పెట్టినవారు ఒక్కరూ లేరు.