పోర్ట్ 80 మూసేశాక సర్టిఫికెట్ రెన్యూ అవట్లేదు

ప్రశ్న: ఉబుంటు, ఎన్‌జినెక్స్ (వెబ్ సర్వర్), లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే సంస్థ) వాడుతున్నాను. సైటంతా హెచ్‌టీటీపీఎస్సే కదా అని ఫైర్‌వాల్‌లో దాని పోర్టు 443 మాత్రమే ఉంచి, మామూలు హెచ్‌టీటీపీ పోర్టు 80 మూసేశాను. ఇప్పుడు సర్ట్‌బాట్ (సర్టిఫికెట్ తెచ్చే ప్రోగ్రామ్) రెన్యూ టైమవుట్ అంటోంది. 80 తెరవక తప్పదా?

జవాబు 1: మీరు వాడేది హెచ్‌టీటీపీ-01 (డొమైన్ మీదేనా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ మీ సర్వర్‌కు వచ్చి చూసే పరీక్ష) అయితే తప్పదండీ. ఆ పరీక్ష మొదలయ్యేదే 80 మీద, పోర్టు మార్చే వీల్లేదు. 80 తెరిచి, ఆ సర్వర్ బ్లాకులో హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించే 301 రీడైరెక్ట్ ఒక్కటే పెట్టండి. పరీక్ష దాని వెంటే 443కు వస్తుంది. 80 మూస్తే భద్రత పెరుగుతుందనేది ఉత్త భ్రమ. క్లౌడ్ సర్వరైతే యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటులోని ఫైర్‌వాల్)తో పాటు ప్రొవైడర్ ప్యానెల్లోని ఫైర్‌వాల్‌లోనూ తెరవాలి. చాలామంది మరిచేది అదే.

జవాబు 2: 80 వద్దే వద్దంటే డీఎన్ఎస్-01 పరీక్ష ఉంది, డొమైన్ డీఎన్ఎస్‌లో పెట్టే టీఎక్స్‌టీ (టెక్స్ట్) రికార్డుతో పనవుతుంది. కానీ ఆ రికార్డును తనే మార్చే సర్ట్‌బాట్ ప్లగిన్ లేకపోతే ప్రతిసారీ రికార్డు చేత్తో మార్చుకోవాలి. 90 రోజుల సర్టిఫికెట్‌కి అదో తలనొప్పి. ప్లగిన్ పెడితే ఏపీఐ టోకెన్ ఫైలుకు 600 పర్మిషన్ (ఫైలు యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) ఇవ్వండి.

జవాబు 3: సరిచేశాక ముందు డ్రై రన్‌తో (అసలు సర్టిఫికెట్ తీసుకోకుండా చేసే ట్రయల్) చూడండి. అసలు కమాండే పదేపదే కొడితే గంటకు 5 వైఫల్యాల పరిమితి తగులుతుంది. వెబ్‌రూట్ పద్ధతిలో (పరీక్ష ఫైలును సైటు ఫోల్డర్లో పెట్టే పద్ధతి) రెన్యూ అయినా ఎన్‌జినెక్స్ పాత సర్టిఫికెట్టే చూపిస్తుంది, డిప్లాయ్ హుక్‌లో (రెన్యూ అయ్యాక సర్ట్‌బాట్ నడిపే కమాండ్) ఎన్‌జినెక్స్ రీలోడ్ పెట్టాలి.