‘నిజాయితీ లేకుండా’ సరిపోతుందా?

అడిగినవారు (నాంపల్లి): కోర్టు కాగితాలు తెలుగు చేసి బతికేవాణ్ణి. ఒక ఫిర్యాదులో ‘డిసానెస్ట్‌లీ’ అన్నచోట ‘నిజాయితీ లేకుండా’ అని రాశాను. వకీలు గారు కొట్టేసి ‘మోసపూరితంగా’ అని దిద్దారు. నాకు రెండూ రుచించడం లేదు. ఏమంటారు?

నారాయణగూడ: ‘మోసపూరితంగా’ తప్పేనండి. జేబు కొట్టేవాడు ఎవరినీ నమ్మించడు, మాయమాట చెప్పడు. అయినా వాడు చేసిన పని ‘డిసానెస్ట్‌లీ’ కిందికే వస్తుంది. పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) 24వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 2(7) చూడండి. ఒకరికి అక్రమ లాభం, లేదా మరొకరికి అక్రమ నష్టం కలిగించాలన్న ఉద్దేశం ఉంటే చాలు. ఆ ‘లేదా’ చాలా ముఖ్యం. ‘నేనొక్క పైసా తినలేదు’ అన్నంత మాత్రాన బయటపడలేరు. పాత స్మృతి హిందీ పాఠంలో ‘బేఈమానీ సే’ అన్నారు. మన హైదరాబాదులో ఆ మాట తెలియనివారు ఎవరు! కానీ అది కూడా మనిషి గుణాన్ని నిందించే మాటే. చట్టం గుణం అడగదు, ఆ పనిలోని ఉద్దేశం అడుగుతుంది.

సీతాఫల్‌మండి: మనసులోని ఉద్దేశం జడ్జి గారికి ఎలా తెలుస్తుందమ్మా?

నారాయణగూడ: నడవడిక చెబుతుంది. ముసురు రోజున ఇరానీ హోటల్లో మీదే అనుకుని వేరొకరి నల్ల గొడుగు పట్టుకొచ్చారు. అది దొంగతనం కాదు. ఇంటికొచ్చాక పిడి మీద వేరే పేరు కనిపించింది. అయినా చప్పుడు చేయకుండా వాడుకుంటున్నారు. అప్పుడది నేరమే. దొంగతనమని కాదు, సొమ్ము దుర్వినియోగమని వేరే సెక్షన్ కిందికి వస్తుంది (పాత స్మృతిలో 403). గొడుగు అదే, చెయ్యీ అదే, మారింది బుద్ధి. పేరు గీకేశారా, అడిగితే మాట మార్చారా, రసీదు దిద్దారా? కోర్టు వీటిని బట్టే ఊహిస్తుంది. (నా గొడుగు పోయి మూడేళ్లయింది, అది వేరే సంగతి.)

సీతాఫల్‌మండి: అయితే ‘దుర్బుద్ధితో’ అంటే?

నారాయణగూడ: వినడానికి బాగుంది. కానీ పగతో పొరుగువాడి తల పగలగొట్టినా దుర్బుద్ధే కదా. అందులో సొమ్ము వాసన లేదు. ఈ మాటకు సొమ్ము వాసన తప్పనిసరి.

అడిగినవారు: ‘అక్రమ లాభనష్టాల ఉద్దేశంతో’ అని రాసి పంపాను. మూడు మాటలైంది. వకీలు గారు ఇంకా ఫోను చేయలేదు.