ఎనిమిదో వారం: ఫోలిక్ యాసిడ్ మాత్ర కడుపులో నిలవడం లేదు

నాకిప్పుడు ఎనిమిదో వారం, మొదటి కాన్పు. డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు, మొదటి 12 వారాలు మానొద్దన్నారు. ఐరన్ ఇంకా మొదలుపెట్టలేదు. 6 రోజులుగా ఆ మాత్ర వేసుకున్న పావుగంటకే వాంతి. రెండుసార్లు మాత్ర సగం కరిగి అలాగే బయటికొచ్చింది.

పొద్దున ఇడ్లీ తిన్నాక వేసుకున్నా, నిలవలేదు. మధ్యాహ్నం పెరుగన్నం తర్వాత చూశాను, సరిగ్గా అప్పుడే పక్కింట్లో ఇంగువ పోపు... అంతే. మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు, అల్లం ముక్క, నిమ్మకాయ వాసన, అన్నీ అయ్యాయి. రాత్రి వేసుకోమన్న డాక్సిలమైన్-బి6 మాత్రతో వికారం కాస్త తగ్గింది కానీ పొద్దున 10 దాకా మత్తు వదలదు. రాత్రి రెండూ కలిపి వేసుకోవచ్చా అన్నది శుక్రవారం చెకప్‌లో అడుగుతాను.

నీళ్లు, మజ్జిగ నిలుస్తున్నాయి. మూత్రం మామూలుగానే ఉంది. బరువు 54 నుంచి 53 కిలోలకు వచ్చింది. మాత్రలు మానేసి పాలకూర తినమని అత్తయ్య అంటున్నారు, నాకు మానే ఉద్దేశం లేదు.

ఇలాగే వాంతులతో ఇబ్బంది పడ్డవాళ్లకు ఈ మాత్ర ఏ పూట, ఏం తిన్నాక వేసుకుంటే నిలిచింది?