సముద్రం అడుగున రోబో తనంతట తానే వాల్వ్ తిప్పొచ్చా?

లోతునీరు:
ఆర్‌ఓవీ అంటే ఓడ నుంచి కేబుల్‌తో దిగే రోబో. పైన పైలట్ కూర్చుని జాయ్‌స్టిక్‌తో నడుపుతాడు. ఏయూవీకి కేబుల్ ఉండదు, బ్యాటరీ మీద సొంతంగా తిరుగుతుంది. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ విమానం శకలాలను 2011 ఏప్రిల్‌లో దాదాపు 3,900 మీటర్ల లోతున కనిపెట్టింది ఏయూవీలే. మే నెలలో బ్లాక్ బాక్సులు తీసింది మాత్రం ఆర్‌ఓవీ. వెతికేది ఒకటి, చెయ్యి వేసేది ఇంకొకటి. ఇప్పుడు చమురు, గ్యాస్ క్షేత్రాల్లో ఏయూవీలకూ చేతులు పెడుతున్నారు. మనిషి సరే అనకుండా వాల్వ్ తిప్పనివ్వకూడదని నా వాదన.

అలజడి:
ఆ 'సరే' కిందికి ఎలా చేరుతుందండీ? ఉప్పునీటిలో రేడియో ఎక్కువ దూరం పోదు, శబ్దమే గతి. అది సెకనుకు దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది. 3 కిలోమీటర్ల లోతులోని రోబో ప్రశ్న పైకి రావడానికి 2 సెకన్లు, మీ జవాబు దిగడానికి ఇంకో 2. శబ్దంతో సమాచారం పంపే అకౌస్టిక్ మోడెమ్‌లో సరైన లైవ్ వీడియో కూడా రాదు. మసక ఫొటో చూసి ఓకే నొక్కే మనిషికి రోబో కన్నా ఎక్కువేం తెలుసు?

పాతపైలట్:
4 సెకన్లు ఓ లెక్కా? ఆర్‌ఓవీ నడిపేటప్పుడు బురద లేస్తే, నీళ్లు తేరుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాం. నా టెన్షన్ వేరు. 12 గంటల షిఫ్ట్‌లో రోబో అడిగిన ప్రతిసారీ అంతా బాగానే ఉంటే, కాసేపటికి మనిషి చూడకుండానే నొక్కేస్తాడు. అలాంటి అనుమతి ఉన్నా లేనట్టే. అందుకే చిన్నాచితకా వాటికి అడగనే కూడదు, వెనక్కి తీసుకోలేని పనికే అడగాలి. ఆగడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గాలిబుడగ:
దగ్గర్లో డైవర్ ఉంటే మాత్రం ఈ చర్చే వద్దు. రోబోను నడిపే ప్రొపెల్లర్ (థ్రస్టర్)లో అతని గాలి గొట్టం చిక్కుకుంటే ఊపిరి అందదు. ఆ సమయంలో రోబో మనిషి చేతిలోనే ఉండాలి.

అలజడి:
డైవర్ విషయం ఒప్పుకుంటా. మిగతా చోట్ల మనిషి చేతిలో ఉంటే చాలనుకోవడం భ్రమ. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్ పేలాక, 1500 మీటర్ల లోతున చమురు బావి మూసే యంత్రాన్ని పనిచేయించబోయింది మనుషులు నడిపిన ఆర్‌ఓవీలే. మూసుకోలేదు.

లోతునీరు:
యంత్రమే పాడైతే పైలట్ ఏం చేస్తాడు? జులై 15న ఆ బావిని ఆపిన మూతను అమర్చిందీ మనుషులు నడిపిన ఆర్‌ఓవీలతోనే. అప్పటికప్పుడు కొత్త ఉపాయం ఆలోచించాలి, అది ప్రోగ్రామ్‌లో ముందే ఉండదు.

అలజడి:
సరే, సగం తిప్పాక లింక్ తెగిందనుకోండి. పాతపైలట్ గారు చెప్పినట్టు ఆగితే వాల్వ్ సగంలో ఉండిపోతుంది. కొన్ని వాల్వ్‌లకు అదే అన్నిటికన్నా ప్రమాదం.

పాతపైలట్:
మంచి ప్రశ్న. దానికి జవాబు దిగకముందే రాసి ఉండాలి, వాల్వ్ వాల్వ్‌కీ వేరుగా: లింక్ పోతే పూర్తి చెయ్యాలా, వెనక్కి తిప్పాలా, వదిలేయాలా. రోబో ఆ కాగితం దాటకూడదు.

లోతునీరు:
ఆ కాగితం మీద సంతకం ఎవరిది? రోబో చేసిన కంపెనీదా?

పాతపైలట్:
కాదు, క్షేత్రం నడిపే కంపెనీదే. వాల్వ్ వాళ్లది, అది లీకైతే సముద్రంలో కలిసే నూనె కూడా వాళ్లదే.