పడదోశాడా, కూలదోశాడా?

గుర్రం మీదున్న ప్రత్యర్థిని కింద పడేయడానికీ, పదవిలో ఉన్నవాణ్ణి దింపేయడానికీ ఒకే క్రియ ఏదైనా ఉందాండి? పిల్లల కోసం ఒక రాజుల కథ రాస్తున్నాను. 'సేనాపతి రాజుని గుర్రం మీంచి కూలదోశాడు' అని రాస్తే మా నాన్నగారు ఒప్పుకోవట్లేదు. మాది అమలాపురం దగ్గరండి.

జవాబు:
నాన్నగారిదే సరైన మాటండి. మాదీ కోనసీమే. నిలువునా నిలబడ్డది కూలుతుంది. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరిచెట్లు కూలాయి, గోడలు కూలాయి. యుద్ధంలో వీరుడు కూలాడంటే ప్రాణం పోయిందనే తోస్తుంది. మీ రాజు లేచి మళ్ళీ పోరాడాలి కదా! అందుకని 'పడదోశాడు' అనండి. నెడితే పడదోయడం, దెబ్బ కొడితే పడగొట్టడం. గుర్రమే విదిలిస్తే 'గుర్రం పడేసింది'.

'తోయు'లో త ఇక్కడ ద ఎందుకైందంటే, 'పడన్' చివర ద్రుతం, అంటే 'న్' ఉంది. దాని తర్వాత పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది. 'కొట్టు' పడగొట్టు అయ్యిందీ అలాగే.

నాకు మరీ ఇష్టమైనది భారత యుద్ధ కథల్లోని మాట, 'విరథుణ్ణి చేయడం'. గుర్రాల్నీ సారథినీ కొట్టి, రథం లేకుండా చేస్తారు. అవతలివాడు చావలేదు, ఓడిపోలేదు కూడా. కత్తి దూసి నేల మీద నిలబడతాడు, లేదా ఇంకొకరి రథం ఎక్కుతాడు. అంత కథ ఒక్క మాటలో ఉంది. మీ గుర్రానికి పనికిరాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

మరి పదవి సంగతి?

జవాబు:
రెండింటికీ ఒకే క్రియ అని పట్టుబట్టకండి. మనిషినైతే గద్దె దింపుతాం. ప్రభుత్వాన్ని, అదీ గడువు తీరకముందే పోగొడితే, కూలదోశారంటాం. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు అరుగుల మీద పెద్దవాళ్ళు అన్నది ఇదే మాట. సెప్టెంబరులో ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. 1999లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో 'కూలింది'. ప్రభుత్వాన్ని మనం ఒక కట్టడంలా చూస్తాం కాబట్టి అక్కడ ఈ క్రియ అతికింది. ఎన్నికల్లో ఓడితే మాత్రం కూలదోశారనం, ఓడించారనే అంటాం.

నాన్నగారికి చదివి వినిపించానండి. 'పడదోశాడు' ఖాయం చేశారు. విరథుడి దగ్గర రెండోసారి చదవమన్నారు. మీది ఏ ఊరో కనుక్కోమంటున్నారు.