ఉమ్మడి మురుగునీటి శుద్ధి కేంద్రం బాధ్యత ఎవరికి అప్పగించాలి?

మాది అనంతపురం జిల్లా. ఒక చిన్న మున్సిపాలిటీని ఆనుకొని ఉన్న పంచాయతీలో వార్డు సభ్యురాలిని. పట్టణం మురుగు, మాతోపాటు పక్క పంచాయతీ మురుగు కలిసి ఒకే వంకలోకి దిగుతోంది. నేలవాలు ఊరి సరిహద్దులు చూడదు కదా! మూడింటికీ కలిపి ఒకే శుద్ధి కేంద్రం ఉండాలన్న విషయంలో అందరిదీ ఒకే మాట. దాన్ని నడిపేది ఎవరన్న దగ్గరే ఆగిపోయాం.

మున్సిపాలిటీకి ఇంజనీర్లు ఉన్నారు, మాకు లేరు. అందుకని వారికే అప్పగిద్దామని కొందరంటున్నారు. అప్పుడు చార్జీలు నిర్ణయించడంలో మా మాటకు విలువ ఉంటుందా? ఉమ్మడి కమిటీ వేస్తే ఓట్లు జనాభాను బట్టా, వచ్చే మురుగును బట్టా? నాకు అసలు భయం కట్టడం గురించి కాదు. గ్రాంటుతో శుద్ధి కేంద్రం కట్టవచ్చు. నెలనెలా కరెంటు బిల్లు, కాలిపోయిన మోటారు, బురద తరలింపు ఖర్చు ఎవరిస్తారు? ఒకరు వాటా ఆపితే మిగిలిన ఇద్దరూ ఏం చేయాలి? మురుగును ఆపలేం.

రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణం ప్రకారం పంచాయతీలు, మున్సిపాలిటీల ఉమ్మడి వసతులను జిల్లా ప్రణాళికా కమిటీ పరిగణించాలి. అయితే అది ప్రణాళిక వరకే, రోజువారీ నిర్వహణకు కాదు.

ఇలాంటి ఒప్పందం రాసుకున్నవారు, అందులో పనిచేసినవారు ఉంటే చెప్పండి. ఖర్చు ఎలా పంచుకున్నారు? మురుగును ఎక్కడ కొలిచారు? శుద్ధి చేసిన నీటిని రైతులకు ఇస్తే ఆ హక్కు ఎవరిది? మా కరువు నేలలో రేపు పెద్ద తగాదా దీని మీదే వస్తుంది.